మగ్గం ఆగకూడదంటే డీపీ చల్లారాలి
(వరోరా సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో పిల్లల చదువుల గురించి, నూలు ధరల గురించి, పెండ్లి సంబంధాల గురించి మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈసారి మమ్మల్ని ట్రాన్స్‌ఫార్మర్ గురించి మాట్లాడమన్నారు. మేము ఇంజనీర్లం కాదు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఆరు రోజులు పనిలేకుండా కూర్చున్నవాళ్లం. ఆ తర్వాత తెలిసినవాళ్లను అడిగి, లెక్కలు వేసుకొని, కొంత నేర్చుకున్నవాళ్లం. ఆ నేర్చుకున్నదే ఇక్కడ చెబుతాం.

ఈ ప్రాంతంలో ట్రాన్స్‌ఫార్మర్‌ను అందరూ డీపీ అంటారు. "డీపీ జళాలీ" అని మరాఠీలో ఎవరైనా అరిస్తే చాలు, వాడంతా బయటికి వస్తుంది. మేమూ డీపీ అనే అంటాం.

ముందుగా ఒక మాట. మనం నిలబడిన ఈ వరోరాకు కరెంటు కొత్త కాదు. ఊరి పారిశ్రామికవాడలోనే థర్మల్ కేంద్రాలున్నాయి. జిల్లా కేంద్రం దగ్గరున్న చంద్రపూర్ సూపర్ థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. ఇంత కరెంటు పుట్టే జిల్లాలో మన సాంచాలు ఎందుకు ఆగుతున్నాయని చాలామంది అడుగుతారు. జవాబు సులువే. చెరువు నిండా నీళ్లున్నా మన పొలానికి వచ్చే కాలువ ఎంత వెడల్పో అన్ని నీళ్లే వస్తాయి. మన కాలువ వీధి చివర ఉన్న డీపీ. అది 11,000 వోల్టులను మనకు పనికివచ్చే 433 వోల్టులకు దించుతుంది. దాని మీద 63 కేవీఏ, 100 కేవీఏ, 200 కేవీఏ అని రాసి ఉంటుంది. అది మోయగల బరువు. 100 కేవీఏ డీపీ అంటే ఒక్కో ఫేజు మీద సుమారు 133 ఆంపియర్లు. అంతకు మించితే మోస్తుంది గానీ, వేడెక్కుతూ మోస్తుంది.

ఇప్పుడు మా వాడ సంగతి. మాది పెద్ద మగ్గాల పేట కాదు. ఒక 100 కేవీఏ డీపీ కింద మొదట 58 సాంచాలు, నలభై ఇండ్లు ఉండేవి. అప్పుడు ఇబ్బంది రాలేదు. తర్వాత ఒకరు నాలుగు, ఒకరు రెండు, ఇంకొకరు ఆరు సాంచాలు తెచ్చుకున్నారు. ఎవరూ లోడు పెంచమని దరఖాస్తు పెట్టలేదు. "పన్నెండు మోటార్లే గదా, ఏమైతది" అన్నారు. మేమూ అన్నాం. ఆ అన్నవాళ్లలో ఇప్పుడు మాట్లాడుతున్నవాళ్లూ ఉన్నారు.

ఏమైందో లెక్క చూడండి. ఒక సాంచాకు ఒక హార్స్‌పవర్ మోటారు. పాత మోటారు, కెపాసిటర్ లేదు. అది డీపీ మీద వేసే బరువు సుమారు 1.4 కేవీఏ. 70 సాంచాలకు దగ్గర దగ్గర 99. కండెల మిషన్లు, వార్పిన్ కలిపి 8. నలభై ఇండ్లలో ఎండాకాలం కూలర్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు కలిపి ఇంకో 20. మొత్తం 127. వంద మోసేదాని మీద నూట ఇరవై ఏడు పెట్టాం. అదీ మే నెలలో, చంద్రపూర్ జిల్లా ఎండలో, 46, 47 డిగ్రీల్లో.

ఒక రాత్రి రెండో షిఫ్టు నడుస్తుండగా ఒక్కసారి పెద్ద చప్పుడైంది. కాలిన నూనె వాసన వచ్చింది. బీముల మీద సగం నేసిన గుడ్డ అట్లనే ఉండిపోయింది. కొత్త డీపీ వచ్చేదాకా ఆరు రోజులు పట్టింది. మీటరు లెక్కన కూలి తీసుకునేవాళ్లకు ఆరు రోజులంటే ఏమిటో ఈ సభలో చెప్పనక్కర లేదు. మేము ఇక్కడ ఏ కార్యాలయాన్నీ తప్పుపట్టడానికి రాలేదు. ఆ డీపీని కాల్చినవాళ్లలో మేమూ ఉన్నాం.

డీపీ లోపల ఏముంటుంది? ఇనుప రేకుల గుండు, దాని చుట్టూ రాగి లేదా అల్యూమినియం తీగ చుట్టలు, ఆ తీగకు కాగితం తొడుగు, వీటన్నిటినీ ముంచి ఉంచే నూనె. ఆ కాగితం దేనితో తయారైందో తెలిస్తే మనకు విషయం వెంటనే అర్థమవుతుంది. పత్తి పోగులో ఏ పదార్థం ఉందో ఆ కాగితంలోనూ అదే ఉంటుంది. దాన్ని సెల్యులోజ్ అంటారు. ఇస్త్రీ పెట్టె ఎక్కువసేపు పెడితే నూలు గుడ్డ ఏమవుతుంది? ముందు పసుపు రంగుకు వస్తుంది, తర్వాత గోధుమ రంగుకు మారుతుంది, చివరికి వేలితో తాకితే పొడి అవుతుంది. డీపీ లోపల కాగితానికీ అదే జరుగుతుంది. కాకపోతే అది మనకు కనపడదు. మగ్గం మీద పోగు తెగితే అతుక్కోవచ్చు. అక్కడ కాగితం పెళుసెక్కితే అతికేవాళ్లు లేరు. ఏదో ఒక రోజు రెండు తీగలు కలుస్తాయి, డీపీ పోతుంది.

ఇంజనీర్లు దీనికి ఒక లెక్క పెట్టుకున్నారు. చుట్టలో అన్నిటికన్నా వేడిగా ఉండే చోటు 98 డిగ్రీల దగ్గర ఉంటే కాగితం మామూలు వేగంతో ముసలిదవుతుంది. ఆ పైన ప్రతి 6 డిగ్రీలకు ఆ వేగం రెట్టింపవుతుంది. 104 దగ్గర రెండు రెట్లు, 110 దగ్గర నాలుగు రెట్లు, 116 దగ్గర ఎనిమిది రెట్లు. అంటే 116 డిగ్రీల్లో ఎనిమిది గంటల షిఫ్టు నడిపితే అరవై నాలుగు గంటల ఆయుష్షు ఒక్క రాత్రిలో ఖర్చయింది. 140 దాటితే నూనెలో, కాగితంలో గ్యాసు బుడగలు పుట్టే ప్రమాదం ఉంటుంది. అక్కడినుంచి ఏ నిమిషం ఏమవుతుందో చెప్పలేం.

ఇంకో లెక్క. తీగలో పుట్టే వేడి బరువుతో సమానంగా పెరగదు, వర్గంగా పెరుగుతుంది. లోడు 130 శాతం అయితే చుట్టల్లో వేడి 130 కాదు, 169 శాతం. ఒకటిన్నర రెట్లు లోడు పెడితే వేడి రెండుంబావు రెట్లు. "కొంచమే ఎక్కువ" అనే మాట మనల్ని మోసం చేసేది ఇక్కడే.

ఇప్పుడు అసలు విషయం, చల్లారే సమయం. డీపీలో వందల లీటర్ల నూనె కూడా ఉండవచ్చు. అన్నం గంజి పొయ్యి మీది నుంచి దింపిన వెంటనే చల్లబడదు కదా. నూనె కూడా అంతే. చిన్న డీపీల్లో నూనె వేడెక్కడానికైనా, చల్లారడానికైనా లెక్కకు తీసుకునే కాలం సుమారు మూడు గంటలు. తీగ మాత్రం నాలుగైదు నిమిషాల్లోనే వేడెక్కుతుంది. అందుకే లోడు పెట్టిన వెంటనే తీగ వేడెక్కుతుంది, నూనె నిదానంగా దాని వెనుక వస్తుంది. లోడు తీసినప్పుడు తీగ త్వరగా నూనె వేడికి దిగివస్తుంది, నూనె మాత్రం గంటలకొద్దీ వేడిగానే ఉంటుంది.

ఒక ఉదాహరణ చెప్పుకుందాం. పూర్తి లోడు మీద బయటి గాలికన్నా 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కే డీపీ ఉందనుకోండి. బయట 45 డిగ్రీలు. నూనె 85 దగ్గర ఉంది. లోడు మొత్తం తీసేశాం. గంట తర్వాత నూనె ఎంత ఉంటుంది? 74 దగ్గర. రెండు గంటలకు 65. నాలుగు గంటలకు 55. మేము మొదట్లో "భోజనాల వేళ అరగంట ఆపుతున్నాం గదా, చాలదా" అనుకున్నాం. అరగంటకు ఆ 40లో ఆరు డిగ్రీలే తగ్గుతుంది. మనం అన్నం తిని చేయి కడుక్కునేంతలో డీపీ చల్లారదు.

అదే డీపీ మీద 130 శాతం లోడు పెడితే? బాగా చల్లారిన డీపీ మీద రెండు గంటలు పెట్టినా నూనె పూర్తి లోడు వేడికి ఇంకా చేరదు. అప్పటికే 85 దగ్గరున్న డీపీ మీద అదే లోడు పెడితే రెండు గంటలకు 93 దాటుతుంది, ఆపకపోతే 102 దాకా పోతుంది. తీగ దానికన్నా ఎక్కువ వేడిగా ఉంటుంది. లోడు ఒకటే, డీపీ ఒకటే. దానికి ముందు విరామం దొరికిందా లేదా అన్నదే తేడా. పండుగ ఆర్డరుకు ఒక పూట ఎక్కువ నడపాల్సి రావచ్చు. అప్పుడు ముందు చల్లారనిచ్చి నడపండి. రోజూ అదే పని చేస్తే మాత్రం ఏ విరామమూ కాపాడదు. ఇంకో మాట గుర్తుంచుకోండి. చల్లారనివ్వడం వల్ల కాలిన కాగితం బాగుపడదు. ఇక ముందు కాలకుండా ఉంటుంది, అంతే.

డీపీలను తయారుచేసేటప్పుడు మన దేశపు వాతావరణాన్ని లెక్కలోకి తీసుకుంటారు. గాలి గరిష్ఠంగా 50 డిగ్రీలు, రోజు సగటు 40కి మించకూడదు, ఏడాది సగటు 32కి మించకూడదు అని ప్రమాణం. అంటే పగలు 47 ఉన్నా రాత్రి చల్లబడుతుందన్న నమ్మకం మీద ఆ లెక్క నిలబడింది. మన దగ్గర మే నెల రాత్రులు ఎట్లుంటాయో అందరికీ తెలుసు. ఆ రాత్రుల్లోనే ప్రతి ఇంట్లో కూలర్ తిరుగుతుంది, ఆ రాత్రుల్లోనే రెండో షిఫ్టు నడుస్తుంది. డీపీకి ఊపిరి పీల్చుకునే వేళ మనమే లేకుండా చేస్తున్నాం.

ఇది మన వీధికి మాత్రమే వచ్చే కష్టం కాదు. 1998లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగర నడిబొడ్డుకు కరెంటు తెచ్చే నాలుగు పెద్ద కేబుళ్లు ఎండాకాలంలో ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. జనవరి 22న మొదటిది, ఫిబ్రవరి 20 నాటికి నాలుగోది. ఒకటి పోయినప్పుడల్లా మిగిలినవాటి మీద బరువు పెరిగింది. సుమారు ఐదు వారాలు ఆ వ్యాపార కేంద్రం సరైన కరెంటు లేకుండా గడిపింది. అంత ధనిక నగరానికి తప్పనిది మనకు తప్పుతుందా?

కొత్త డీపీ వచ్చిన రోజు రాత్రి మా వాడవాళ్లమంతా గుడి అరుగు మీద కూర్చున్నాం. మొదట గంటసేపు కొట్లాటే. "నీ ఆరు సాంచాలతోనే కాలింది" అని ఒకరు, "నీ ఇంట్ల రెండు ఏసీలు లేవా" అని ఇంకొకరు. ఫ్యూజ్ పోకుండా లావు తీగ కట్టింది ఎవరన్న మాట కూడా వచ్చింది. ఎవరూ ఒప్పుకోలేదు. కట్టిన సంగతి అందరికీ తెలుసు. ఫ్యూజ్ పోతే ఒక గంట పని పోతుంది. ఫ్యూజ్ పోకుండా కడితే డీపీ పోతుంది. ఇంకా ఘోరమైన సంగతి, అట్లా కట్టడానికి గద్దె ఎక్కినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్న ఊళ్లున్నాయి. ఆ రాత్రి మేము చేసుకున్న మొదటి కట్టుబాటు అదే: లైన్‌మన్ తప్ప ఎవరూ డీపీ గద్దె ఎక్కకూడదు, ఎంత తొందరున్నా సరే.

రెండో పని లెక్క రాసుకోవడం. ఎవరికి ఎన్ని సాంచాలు, ఎన్ని హార్స్‌పవర్లు, ఏ ఫేజు మీద ఉన్నాయి, అన్నీ ఒక నోటుబుక్కులో రాశాం. ఇండ్లలో సగానికి పైగా ఒకే ఫేజు మీద ఉన్నట్టు అప్పుడే బయటపడింది. మొత్తం బరువు తక్కువున్నా ఒక్క ఫేజు మీద ఎక్కువైతే ఆ చుట్ట కాలుతుంది. లైన్‌మన్‌కు చెప్పి పంచిపెట్టించాం.

మూడో పని కష్టమైనది. వంతులు. డెబ్బై సాంచాల్లో ఒక్కోసారి ఇరవై నాలుగు ఆగితే బరువు 93కి దిగుతుంది. అందరూ తలా మూడో వంతు ఆపుకోవాలని మొదట రాసుకున్నాం. అప్పుడు నాలుగు సాంచాలున్న ఒక అక్క లేచి అన్న మాట మాకింకా గుర్తుంది. "ఇరవై సాంచాలాయన ఏడు ఆపితే పదమూడు నడుస్తయి. నాయి ఆగితే నా పొయ్యి ఆగుతది. డీపీ చల్లారుడు మంచిదే, నా పొయ్యి గూడ చల్లారాల్నా?" ఎవరి దగ్గరా జవాబు లేదు. కట్టుబాటు మార్చాం. ఆరు, అంతకు తక్కువ సాంచాలున్న ఇండ్లకు పగటి వంతు లేదు. అట్లాంటివి మొత్తం ఇరవై రెండు సాంచాలు. మిగిలిన నలభై ఎనిమిదిని రెండు జట్లు చేశాం. మధ్యాహ్నం ఒక జట్టు ఆగుతుంది, రాత్రి కూలర్ల వేళ ఇంకో జట్టు ఆగుతుంది. తెల్లవారుజామున మూడు నుంచి ఆరు దాకా అందరూ ఆపాలి. గాలి అన్నిటికన్నా చల్లగా ఉండే వేళ అదే, డీపీ బాగా చల్లారేది అప్పుడే. పెద్ద ఆసాములకు ఇది నచ్చలేదు. ఒకరు మాతో మూడు నెలలు మాట్లాడలేదు. అయినా సాంచాలు ఆపారు. అందుకు ఆయనకు ఈ వేదిక మీది నుంచి దండం పెడుతున్నాం.

నాలుగోది కెపాసిటర్లు. ఇది ముందే తెలిసి ఉంటే బాగుండేది. మోటారు దగ్గర సరైన కెపాసిటర్ పెడితే పని తగ్గదు, డీపీ మీద బరువు తగ్గుతుంది. మా లెక్కలో ఒక సాంచా బరువు 1.4 కేవీఏ నుంచి సుమారు 1.05కి దిగింది. డెబ్బై సాంచాలకూ పెట్టించేసరికి 127 ఉన్న మొత్తం 101 దగ్గరికి వచ్చింది. ఇరవై ఆరు కేవీఏ! కొత్త సాంచా కొనకముందు కెపాసిటర్ కొనండి. ఎంత సైజుదో తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి, ఎక్కువ పెట్టినా నష్టమే.

ఐదోది, కరెంటు పోయి వచ్చినప్పుడు చేసే తప్పు. మోటారు మొదలయ్యేటప్పుడు ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. స్విచ్చులన్నీ వేసే ఉంచితే కరెంటు వచ్చిన క్షణంలో డెబ్బై మోటార్లు ఒక్కసారి లాగుతాయి. వోల్టేజీ పడిపోతుంది, కొన్ని మోటార్లు తిరగలేక మూలుగుతూ ఇంకా ఎక్కువ లాగుతాయి. కరెంటు పోగానే అన్ని స్విచ్చులూ ఆపండి. వచ్చాక పదేసి చొప్పున, మధ్యలో నిమిషం ఆగి వేయండి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఆరోది, దూరం నుంచి చూడటం. నూనె కారిన జాడ ఉందా, నూనె మట్టం చూపే గాజు ఎట్లుంది, చప్పుడు మారిందా. కొన్ని డీపీలకు బ్రీదర్ అనే చిన్న డబ్బా ఉంటుంది. డీపీ వేడెక్కినప్పుడు గాలిని బయటికి వదులుతుంది, చల్లారినప్పుడు లోపలికి తీసుకుంటుంది. తేమ పోకుండా అందులో నీలం గింజలుంటాయి. అవి గులాబీ రంగుకు మారితే తేమ పట్టిందని అర్థం. ఎండాకాలం చివర వాన పడేముందు మార్పించాలి. మనం ముట్టకూడదు. 1912కు ఫోన్ చేసి చెప్పాలి, నంబరు రాసుకోవాలి.

చివరిది, కాగితం మీద నిజం చెప్పడం. మా పన్నెండు సాంచాల సంగతి మేమే చెప్పుకున్నాం. చెప్పాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించాం. దండుగ పడింది, అందరం పంచుకొని కట్టాం. లోడు మంజూరు కాకుండా పెద్ద డీపీ అడగడానికి మనకు నోరుండదు. మంజూరైన లోడుకు తగిన సేవ అందించాలని 2003 విద్యుత్ చట్టం చెబుతోంది. దాని 57వ సెక్షన్ కింద సేవా ప్రమాణాలు, ఆలస్యమైతే పరిహారం ఉన్నాయి. దాచిపెట్టిన లోడుతో ఆ హక్కు అడగలేం. సిరిసిల్ల బంధువులకు 1970 నుంచి సెస్ అనే సహకార సంఘమే కరెంటు ఇస్తోంది. అక్కడ వాడుకదారులే సభ్యులు. మనకు అట్లాంటి సంఘం లేదు గానీ, ఒక డీపీ కింద ఉన్నవాళ్లం ఒక సంఘంగా కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు.

ఇప్పుడు పరిస్థితి ఏమిటని అడుగుతారు. ఆ తర్వాత రెండు ఎండాకాలాలు గడిచాయి. డీపీ కాలలేదు. 200 కేవీఏ కోసం పెట్టిన దరఖాస్తు ఇంకా నడుస్తోంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యాహ్నం వంతులు ఇంకా ఉన్నాయి, తెల్లవారుజామున మూడు గంటల విరామమూ ఉంది. ఆ గంటల కూలి పోతూనే ఉంది. అది చిన్న నష్టమని మేము చెప్పం. ఆరు రోజులు వరసగా పోయిన కూలికన్నా, బీము మీద పాడైన గుడ్డకన్నా, గద్దె ఎక్కిన కొడుకు దిగిరాకపోవడంకన్నా చిన్నదని మాత్రం చెబుతాం.

మీ మీ ఊళ్లకు వెళ్లాక ఒక్క పని చేయండి. మీ డీపీ మీద ఎంత కేవీఏ రాసి ఉందో కింద నిలబడి చదవండి. దాని కింద ఎన్ని సాంచాలున్నాయో లెక్క రాయండి. ఆ రెండంకెలతో వాడవాళ్లను ఒక్కసారి కూర్చోబెట్టండి. మా నోటుబుక్కు ఎవరు అడిగినా చూపిస్తాం, మా తప్పులతో సహా.

 జై చేనేత.